పుర్రచేతి అలుకు

గౌరయ్యకు గోడ మీద గుర్తు పెట్టుడు తెలిసింది గాని తీసుడు తెలువలే.

జానమ్మ మొగడాయన. మాడుగులపల్లి పక్క ఊర్ల జరంత చెలక, ఒక జత ఎడ్లు, ఊరంతకు సరిపోయే నోరు, గంతే ఆస్తి. పోయినేడు సంగపోళ్ల మాట నడిచేటప్పుడు ఎవ్వలు అడగకముందే ఇంటి ముంగటి గోడకు మట్టితోని కొడవలి, సుత్తె ఉబ్బెత్తుగ పోసి పైన ఎర్రజాజు పూసిండు. చాటంత గుర్తు. బజార్ల పొయ్యేటోళ్లు ఆగి సూడాలె, గౌరన్న గట్టోడు అనుకోవాలె, గదీ ఆయన కత. పక్కింటి మల్సూరు గోడ మీద గీతన్న గియ్యలే. ఒకనాడు పొద్దుగాల్నే గొంగడి భుజానేసుకొని అడవి దిక్కు పోయిండు. ఎవరన్న అడిగితే కోదాడ దిక్కు కూలికి పోయిండని ఊరు ఊరంత ఒక్కటే మాట చెప్తున్నది. గౌరయ్య గూడ గదే చెప్తున్నడు, కాకపోతే చెప్పినప్పుడల్ల కన్ను కొడ్తడు. ఆ కన్ను సూసినప్పుడల్ల జానమ్మకు ఒళ్లు మండేది.

ఇగ రజాకార్లు పోయిన్రు, యూనియన్ మిలిట్రీ వచ్చింది. మిర్యాలగూడల డేరాలేసి ఊరూరు తిరుగుతున్నరు, గుర్తు కనబడ్డ ఇంటోళ్లను క్యాంపుకు తోలుకపోతున్నరు అని వార్త. ఆ వార్త విన్న నాడు గౌరయ్యకు బువ్వ దిగలే. పార తీసుకొని గుర్తును చెక్కిండు. చెక్కేటోడు చుట్టు పూత గూడ ఇంత చెక్కి కలుపుకోవాలె గదా. గా తెలివి యాడిది? కొడవలి ఉన్నకాడ కొడవలంతే, సుత్తె ఉన్నకాడ సుత్తెంతే చెక్కిండు. ఆ గుంతల్ల చెరువు నల్లమట్టి మెత్తి, చేతులు కడుక్కొని, తువ్వాల దులుపుకున్నడు.

మట్టి ఎండింది. ఎన్నో ఏండ్ల ఎర్రమట్టి గోడ, దాని నడుమ బూడిదరంగు కొడవలి, బూడిదరంగు సుత్తె. జాజు వెలిసిపోయిన పాత గుర్తు సందు మొగదాక కనపడేది, ఇది చెరువుకట్ట మీదికి కనపడుతున్నది.

"మంచిగ దిద్దినవ్," అన్నది జానమ్మ. "గిప్పుడు గుడ్డోనికి గూడ కనపడతది."

"నీకేం తెలుసే? రంగు కలుస్తది, జర ఆగు."

రంగు కలువలే. ఎర్రమట్టి నీళ్లు పోసిండు, మరకలు కట్టినయ్. పేడనీళ్లు కొట్టిండు, అంచులు నెర్రెలిచ్చినయ్. చేత్తోని రుద్దితే పాత గోడ మీద అత్త చేతి వరసలన్ని చెదిరిపోయినయ్. గోడకు అలుకు పెట్టేటప్పుడు ఆడోళ్ల చెయ్యి ఒక వాటంల తిరుగుతది, వేళ్ల గీతలు సాలు తప్పకుంట పడతయ్. ఎవరింటి గోడ ఎవరి చెయ్యో ఆ ఊరి ఆడోళ్లు దూరంనుంచే చెప్తరు. గౌరయ్య రుద్దినకాడ మాత్రం బర్రె ఒళ్లు గీరుకున్నట్టే ఉన్నది.

"గోడంత తడిపి, పూతంత ఊడగొట్టి, మొదటినుంచి అలుకు పెట్టాలె. నేను పెడ్త, లెవ్వు," అన్నది జానమ్మ.

గౌరయ్య నెత్తికి చెయ్యి పెట్టుకున్నడు. "మా అవ్వ శ్రావణంల సచ్చె. సచ్చిన ఏడు గోడకు అలుకు పెడ్తరా ఎవరన్న? పెత్రమాస ముంగట మనిల్లొక్కటే కొత్తగ కనపడితే కులపోళ్లు నోట్ల ఊంచరా? పోలీసు పటేలు ఊకుంటడా, చావింట్ల పండుగేందిరా అని అడగడా?"

ఆ మాట తప్పేం గాదు. ఊరంత బతుకమ్మకు గోడలు పూసుకుంటున్నది, చావైన ఇంటికి ఆ ఏడు పండుగ లేదు, పూత లేదు. కాని నవ్వొచ్చేదేందంటే, తల్లి బతికున్ననాళ్లు ఆమెను గంజి తాగినవా అని అడగనోడు ఇయ్యాల ఆమె పేరు చెప్పుకొని గోడ చాటుకు దాక్కుంటున్నడు. మిలిట్రీకి భయం, కులానికి భయం, పటేలుకు భయం. ఇసొంటి మనిషితోని ఇన్నేండ్లు ఒక్క కంచంల తిన్ననా అని జానమ్మకు తన మీద తనకే రోత పుట్టింది.

తెల్లారి జానమ్మ కలుపుకు పోయింది. పక్క సాల్ల మల్సూరు పెండ్లాం కాటమ్మ, సంకల పిల్లను చెట్టు కింద పండవెట్టి కలుపు తీస్తున్నది. కాటమ్మ ముందటి రోజే గోడకు అలుకు పెట్టుకున్నది. మొగడు లేకున్న ఇల్లు ఇల్లులెక్కనే ఉండాలె, లేకుంటే ఊరు చెప్పే మాట నిలవడదు గదా. పొద్దు నెత్తి మీదికి రాకముందే మిర్యాలగూడ బాటపొంటి జీపొస్తున్నదని ఎవరో కేకేసిన్రు. కాటమ్మ పిల్ల కోసం చెట్టు దిక్కు ఉరికింది, జానమ్మ కొంగు బిగించి ఇంటి తొవ్వ పట్టింది.

సందు తిరిగేసరికి కాళ్లు ఆగినయ్.

కాటమ్మ గోడ మీద కొడవలి, సుత్తె. కొత్తది, పచ్చిది, ఉబ్బెత్తుగ. అరుగు మీద గౌరయ్య చేతులు కడుక్కుంటున్నడు.

"ఏం చేసినవ్?" అన్నది.

"మెల్లగ మాట్లాడు. మిలిట్రోడు ముందుగాల దాన్నే సూస్తడు. దాన్ని సూసినంక మన మరక ఎవనికి కావాలె? ఎట్లనన్న మల్సూరు అడివిల ఉన్నోడే గదా, నేనేమన్న అబద్ధం పెట్టిన్నా?"

జానమ్మకు తిట్టుదామంటే తిట్టు గూడ వీని మీద దండుగే అనిపించింది. పసిపిల్ల తల్లిని జీపెక్కియ్యడానికి చేతులు మట్టి చేసుకున్న మొగోడు. "పో," అన్నది. "పటేలు పిలుస్తున్నడంట, పోయి నిలవడు." పటేలు పేరు వినంగనే గౌరయ్య తువ్వాల సర్దుకొని ఉరికిండు.

ఆమె చిల్లపెంక తీసుకొని గుర్తును గీకింది. దానితోపాటు చుట్టు పచ్చి పూతను గూడ వాలుగ గీకింది, అంచు నిలవకుంట. కాటమ్మ నిన్న కలిపిన మట్టి ముద్ద ఇంక గోనెసంచి కింద తడిగనే ఉన్నది, అదే ఎర్రమట్టి, అదే పేడ, అదే ఊక. దాన్నే తెచ్చి గుంత నింపింది. చెయ్యి ఆడిచ్చింది. ఎనకకు జరిగి సూస్తే, మట్టి కలిసింది, రంగు కలిసింది, వరస కలువలే. కాటమ్మది పుర్రచెయ్యి, ఎడమచేతి వాటం. ఆమె వరసలన్ని ఒక దిక్కు వాలితే జానమ్మవి ఎదురు దిక్కు వాలుతున్నయ్. నడిగోడకు సుడి పడ్డట్టే ఉన్నది.

దూరంనుంచి జీపు చప్పుడు వినవస్తున్నది. జానమ్మ ఎన్నడు ఎడమచేత్తోని పని చేసినామె గాదు. కుడిచెయ్యిని కొంగుల సుట్టుకున్నది, అలవాటుగ ముంగటికి రాకుంట. గోడంత నీళ్లు సల్లి, ఈ మూలనుంచి ఆ మూలదాక పుర్రచేత్తోని తేలికగ అలుకుకుంట పోయింది. మొదటి సాలు వంకర పోయింది. మళ్ల సల్లింది, మళ్ల అలికింది. మెడ నరం గుంజుతున్నది. కండ్లల్ల చెమట పడుతున్నది. ఎవని పాపమో కడుగుతున్ననని కోపం, ఎక్కడన్న తప్పుతదేమోనని భయం, రెండు ఆమె చేతుల్నే ఉన్నయ్. ఆఖరు సాలు అరుగు అంచుకు చేరేసరికి జీపు సందు మొగకొచ్చింది.

మిలిట్రీ జమాదారు, ఇద్దరు జవాన్లు, వాళ్లెంబడి పోలీసు పటేలు, పటేలెంబడి గౌరయ్య. కాటమ్మ గూడ పిల్లనెత్తుకొని అప్పుడే ఉరికొచ్చింది. తన గోడ దిక్కు సూసింది. మళ్ల ఒకసారి సూసింది. అది తన చెయ్యి గాదని ఆమెకు తెలువదా? ఆమె చూపు జానమ్మ ఎడమచేతి మట్టి మీద పడ్డది. పిల్లను ఇంకింత దగ్గరికి పట్టుకున్నది.

జమాదారు గౌరయ్య గోడకాడ ఆగిండు. బూడిదరంగు గుర్తును వేలుతోని చూపిచ్చి ఏందిదని హిందీల అడిగిండు.

గౌరయ్య రెండు చేతులు జోడిచ్చిండు. "నేను గాదు సారు, నా పెండ్లాం పెట్టింది. ఆడిది, తెలువక పెట్టింది. అసలుది గా గోడ మీదున్నది సారు, గా మల్సూరు ఇంటి మీద. వాడు అడివిల ఉన్నడు."

పటేలు అడివి మాట మింగి, గోడ మాటొక్కటే హిందీల చెప్పిండు. అందరు అటు తిరిగిన్రు.

తిరిగినోళ్లకు తడి గోడ కనవడ్డది. మూలనుంచి మూలదాక ఒక్క రంగు, ఒక్క వాటం. జమాదారు దగ్గరికి పోయిండు. అరచెయ్యి గోడకు ఆనిచ్చి ఈ కొసనుంచి ఆ కొసదాక నడిసిండు. గుర్తు పూడ్చినకాడికి వచ్చిండు. చెయ్యి ఆగలే, సాఫుగ పోయింది. ఆయన చెయ్యి తుడుసుకొని ఈ ఇంటి మొగోడేడని పటేలును అడిగిండు.

"ఈమె మొగడు కోదాడ దిక్కు కూలికి పోయిండు హుజూర్," అన్నడు పటేలు. "పండుగని గోడ పూసుకున్నది. ఊరంత పూసుకున్నది."

గౌరయ్య నోరు తెరుసుకొని ఆ గోడను సూస్తున్నడు. జమాదారు తిరిగొచ్చి ఆయన ముంగట నిలవడ్డడు. తల్లి సచ్చినప్పుడు గుండు చేయించుకున్న నెత్తిమీద ఇంక సరిగ్గ మొలవని జుట్టు, జోడిచ్చిన చేతులు, ఆ చేతుల గోర్లల్ల పచ్చిమట్టి, అన్ని సూసిండు. ఒక జవాను తాడు తీసిండు. జమాదారు వద్దన్నట్టు చెయ్యి ఊపి ఏదో అన్నడు. జవాన్లు నవ్విన్రు. జీపెక్కి పోయిన్రు.

"ఏమన్నడు పటేలా?" అన్నడు గౌరయ్య.

పటేలు ఆయన మొకం సూడకుంటనే చెప్పిండు. "వీన్ని తోలుకపోతే క్యాంపుల బువ్వ దండుగ అన్నడు." చెప్పి తన తొవ్వన తాను పోయిండు.

గౌరయ్యకు నవ్వొచ్చింది, నిజంగ నవ్వొచ్చింది. అరుగు మీద కూసొని తువ్వాలతోని మొకం తుడుసుకున్నడు. కాటమ్మ తన ఇంటి గడపలనే నిలవడి వింటున్నదని గూడ సోయి లేదు.

"సూసినవానే? మొత్తానికి బతికినం."

జానమ్మ చేతి మట్టిని గోడకు రాయలే, చీరెకు తుడువలే. గట్లనే పట్టుకొని కాటమ్మ ఇంటి దిక్కు నడిసింది.

"బతికినం అనకు," అన్నది పోతపోత. "బతికిన అను."