తొట్టిలో ఉలవలు

కోడలు రెండు కిలోలు పెరిగిందని తిరుత్తణి ఆసుపత్రిలో నర్సు వళ్ళియమ్మ చెప్పినప్పుడు మునెమ్మ సంతోషపడాలి. పడలేదు. బస్సెక్కి కూర్చున్నా మనసు కూర్చోలేదు. పోయిన నెల కదలని తూకం ఈ నెల ఎట్లా కదిలింది?

ఆ కలవరమంతా ఆమె చేజేతులా తెచ్చుకున్నదే. కోకిలకు రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నెల తప్పగానే మునెమ్మ తిరుత్తణి కొండెక్కింది. బిడ్డ పుట్టెంట్రుకలు నీకిచ్చేదాకా నా కోడలు మాంసం, గుడ్డే కాదు, పాలూ పెరుగూ కూడా ముట్టదని మురుగన్‌కు మొక్కేసి వచ్చింది. మొక్కింది అత్త, నోరు కట్టుకోవలసింది కోడలు. కోకిలను ఒక మాట అడగాలని ఎవరికీ తోచలేదు. మునెమ్మకు అసలే తోచలేదు.

రెండు నెలల కిందట వళ్ళియమ్మ గట్టిగానే కసిరింది. "గుడ్డు వద్దు, పాలు వద్దంటే బిడ్డకు కండ యాడ నుంచి వస్తాదమ్మా? పప్పులు, ఉలవలు, శనక్కాయలు బాగా పెట్టు. లేదంటే ఈ బిడ్డా నిలవదు."

ఆ చివరి మాటకు మునెమ్మ బెదిరింది. శనక్కాయలు పిత్తమని పెట్టలేదు గానీ, ఉలవలు మాత్రం రోజూ ఉడికించింది, తన అత్త నేర్పిన పద్ధతిలోనే. ఉడికిన నీళ్ళు వంచి, చింతపండు పిసికి, చిక్కగా చారు కాచి కోడలికి పోసేది. అడుగున మిగిలిన గింజలు ఎద్దుల తొట్టిలోకి. ఆ ఇంట్లో మనుషులు ఉలవగింజ నమిలి ఎరగరు. అది పశువుల తిండి. సారమంతా చారులోకి దిగుతుందని మునెమ్మకు గట్టి నమ్మకం.

మొదటి నెలంతా చారు తాగినా తూకం కదల్లేదు. ఇప్పుడూ అదే చారు, అదే సంగటి, అయినా రెండు కిలోలు! పక్కింటి ఇంద్రాణికి డజను కోళ్ళున్నాయి. ఇంకేం, దొంగ దొరికిపోయింది. కోడలు చాటుగా గుడ్లు తింటోంది. మొక్కు తప్పితే స్వామి ఊరుకుంటాడా?

రెండు రోజులు మునెమ్మ కాలు ఒకచోట నిలవలేదు. చెత్తకుప్పలో గుడ్డు పెంకు కోసం కెలికింది. ఏదో వంకతో కోకిల పక్కకెళ్ళి చేతుల వాసన చూసింది. "ఏమి దేవులాడతా ఉండావుమా?" అని కొడుకు మునిరాజు అడిగితే సూది పోయిందని చెప్పింది.

మూడో రోజు కలుపుకు పోతున్నానని చెప్పి, సగం దారిలో వెనక్కి తిరిగింది. వంటింట్లో ఎవరూ లేరు. ఇంద్రాణి గుమ్మానికి తాళం. పశువుల పాకలో గజ్జెల చప్పుడైతే అటు వెళ్ళింది.

రెండు ఎద్దుల మధ్య తొట్టి మీదికి వంగి, కోకిల ఉడికిన ఉలవలు పిడికెడు తీసి నోట్లో పెట్టుకుంటోంది.

అత్తను చూసి మింగలేకపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నేను మొక్కు తప్పలేదత్తా. చారు తాగినా రవ్వసేపటికే ఆకలైపోతా ఉంది. ఎద్దులకు తక్కువైతే తిడతావని పిడికెడే తీసుకుంటా ఉంటిని."

"ఎన్నాళ్ళుగా?"

"నెల అయింది, ఆడికృత్తిక పండగ దాటినప్పటి నుంచి."

మునెమ్మ ఎద్దుల వైపు చూసింది. నిగనిగలాడుతూ ఒక్క ఎముక కనబడకుండా ఉన్నాయి. కోడలి మణికట్టు చూసింది. వళ్ళియమ్మ ఉలవలు పెట్టమంది గానీ, వాటి నీళ్ళు పొయ్యమనలేదు. బిడ్డను నిలబెట్టమని స్వామికి మొక్కి, ఆ బిడ్డ తిండి తన చేత్తోనే తొట్టిలో పోసింది. మునెమ్మకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. నోరు కడుక్కోమని కోకిలకు చెంబుతో నీళ్ళిచ్చింది.

మరుసటి పొద్దున ఉలవలు ఉడికాయి. మునెమ్మ నీళ్ళు వంచి, గింజలకు ఎర్రగడ్డలు, ఎండుమిరపకాయలతో తిరగబాత పెట్టింది. పిత్తం సంగతి ఎత్తకుండా శనక్కాయలు కూడా వేయించింది. సంగటి పక్కన అన్నీ కుప్పగా వడ్డించి పీట వేసింది.

కోకిల కంచం ముట్టలేదు. "మరి ఎద్దులకో అత్తా?"

"ఈపొద్దు నుంచి నీళ్ళు వాటికి," అని మునెమ్మ కుండ ఎత్తుకుని పాక వైపు నడిచింది. గడప దగ్గర వెనక్కి తిరిగి చూస్తే కోడలు అప్పటికే పిడికెడు తీసుకుని నిలబడే తింటోంది.

"నిలబడి తినొద్దమ్మా," అంది మునెమ్మ. "కూర్చోని తిను."