కిటికీలు వేసుకుని పడుకోండి

ఆ మధ్యాహ్నం ఆమె ఎత్తిన పదిహేడో ఫోను అది.

గ్యాస్ కంపెనీలో ఫిర్యాదులు తీసుకోవడం ఆమె ఉద్యోగం. ఎదురుగా గోడకు ప్రశ్నల అట్ట వేలాడుతుంటుంది. ఆరేళ్లుగా అవే ప్రశ్నలు. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలదు.

అవతల ఎవరో పెద్దాయన. గొంతు పెద్దదేగానీ మాట తడబడుతోంది. గ్యాస్ వాసనేమీ లేదట. పొద్దుటి నుంచి తల పగిలిపోతోందట, రెండుసార్లు వాంతి అయిందట, కాళ్లు తన మాట వినడం లేదట. డాక్టరుకు చేయాలా, మీకు చేయాలా అని అరగంట తర్జనభర్జన పడ్డాడట.

"బయటికి వెళ్తే తగ్గుతోందాండీ?" ఆమె అట్ట వైపు చూడకుండానే అడిగింది.

"ఎందుకు తగ్గదూ? పార్కులో గుర్రంలా ఉంటాను. ఇంటికొచ్చానో, మళ్లీ మొదలు."

రాస్తున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఈ మాట ఎక్కడో విన్నది. ఎక్కడో ఏమిటి, ఇంట్లోనే. పోయిన వారం లారీ దిగి వచ్చిన మొగుడు చొక్కా విప్పుతూ అన్నాడు, నాలుగు రోజులు రోడ్డు మీద హాయిగా ఉన్నా, ఇంటికొస్తేనే తలనొప్పి అని. పెళ్లాం మొహం చూస్తే తలనొప్పి వచ్చే మొగుళ్లు మన వంశంలో లేరురా అని అత్తగారు దెప్పింది. ముగ్గురూ పడీ పడీ నవ్వుకున్నారు.

ఆ ఇంట్లో దిగి రెండు నెలలైంది. ఆమె తన తలనొప్పిని పొద్దస్తమానం చెవులకు తగిలించుకునే ఈ హెడ్‌ఫోను మీదకు నెట్టింది. అత్తగారు కొత్త కళ్లజోడును తిట్టుకుంది. డాక్టరు బీపీ అన్నాడు, బిళ్లలిచ్చాడు. బిళ్లలు అయిపోయాయి, తలనొప్పి పోలేదు.

"అడ్రసు చెప్పండి," అంది. ఆ గొంతు ఎవరిదో అప్పటికే అనుమానంగా ఉంది.

చెప్పాడు. రాసుకోవాల్సిన పని లేకపోయింది. అది ఆమె ఇల్లే. కింద లాండ్రీ, మధ్యలో వీళ్లు, పైన రిటైరైన డ్రిల్ మాస్టారు. లాండ్రీ బాయిలర్ పొగ గొట్టం ఆమె పడకగది గోడలోంచే పైకి పోతుంది. చలికాలమంతా గోడ గోరువెచ్చగా ఉంటుందమ్మా, కుంపటితో పనిలేదు అని అద్దెకిచ్చేటప్పుడు ఇంటాయన గొప్పగా చూపించిన గోడ అది.

వాసన లేని విషవాయువు. ఆ మాట ఆమె రోజుకు నలుగురికైనా చెబుతుంది. తలుపులూ కిటికీలూ తెరవండి అని నలభై మందికి చెబుతుంది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు, ఈ పొద్దున తల తిరుగుతోందన్న అత్తగారికి తను ఏం చెప్పింది? చలిగాలి తగిలితే ఇంకా ఎక్కువవుతుంది అత్తయ్యా, కిటికీలు వేసుకుని పడుకోండి అంది. పైగా దుప్పటి కప్పి మరీ వచ్చింది.

ఒక చెవిలో మాస్టారు ఆయాసం. రెండో చెవికి తన సెల్లు ఆనించుకుంది. ఇంటి ఫోను మోగుతోంది, మోగుతోంది. ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఎవరూ ఎత్తలేదు.

ఆమె చెయ్యెత్తి పిలవగానే సూపర్‌వైజరు పరుగున వచ్చాడు. సిబ్బందినీ అంబులెన్సునూ పంపుతున్నానని, ట్రాఫిక్ దాటి చేరడానికి పావుగంట పడుతుందని చేతివేళ్లతో సైగ చేశాడు. ఫోను చేసినవాణ్ణి వెంటనే బయటికి పంపాలి, ఇంకో ఇంట్లోకి తొంగి చూడనివ్వకూడదు. అది కంపెనీ రూలు. రూలు ఎందుకో ఆమెకు తెలుసు. కాపాడబోయి పడిపోయినవాళ్ల లెక్క ఆఫీసులో అందరికీ తెలుసు.

ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.

"మాస్టారూ, నేను మీ కింద ఇంటి కోడల్ని. మీ ఇంట్లో విషవాయువు ఉంది, మా ఇంట్లోనూ ఉంది. మా అత్తయ్య లోపల పడుకుని ఉంది. ఫోను చేతిలోనే పెట్టుకుని మెట్లు దిగండి. దారిలో మా తలుపు బాదండి. లోపలికి మాత్రం వెళ్లొద్దు."

అత్తగారికీ మాస్టారికీ నెల్లాళ్లుగా మాటల్లేవు. తెల్లారకముందే ఆయన కసరత్తుకు వీళ్ల సీలింగు దద్దరిల్లుతుంది. ఏనుగు స్కిప్పింగ్ ఆడుతోందా అని ఈవిడ మెట్ల మీద అందరి ముందూ అడిగేసింది.

"నేను తలుపు కొడితే ఆవిడ తీస్తుందా అమ్మాయ్?"

"ముందు కొట్టండి."

మెట్లు దిగుతున్న చప్పుడు. మధ్యలో ఆగి రొప్పాడు. గోడ పట్టుకోండి, కూర్చోవద్దు అని ఆమె చెబుతూనే ఉంది. తలుపు మీద దెబ్బలు వినిపించాయి. ఐదు, పది, పదిహేను. ఆ తర్వాత నిశ్శబ్దం.

"ఏదో కదిలినట్టుంది," అన్నాడు మాస్టారు. "ఎవరూ అంది. నేనని చెప్పాను. మళ్లీ పడుకున్నట్టుంది."

ప్రమాదమని చెబితే? ఈ మనిషి చెబితే నమ్మదు. బతిమాలితే అసలే లేవదు. ఆవిణ్ణి పడక మీంచి లేపగలిగేది ఈ భూమ్మీద ఒక్కటే. కొడుకును ఎవరైనా మాటంటే నూట రెండు జ్వరంలోనైనా లేచి కూర్చుంటుంది.

"మాస్టారూ, గట్టిగా అరవండి. మీ వాడికి లారీ వెనక్కి తీయడం చేతకాదు, నా సైకిల్ తొక్కేశాడు అనండి. దమ్ముంటే కిందికొచ్చి చూడమనండి."

"నాకు సైకిలే లేదు కదమ్మా."

"ఇప్పుడు ఉంది. అరవండి."

నలభై ఏళ్లు మైదానాల్లో వరసలు సరిచేసిన గొంతు అది. అప్పటిదాకా తడబడిన మాట ఒక్కసారిగా నిటారుగా లేచింది. లారీ సంగతి, సైకిల్ సంగతి అరిచాడు. ఆమె చెప్పని మాట కూడా తన తరఫున ఒకటి కలిపాడు. ఆ కుర్రాడికి లైసెన్సు ఎవరిచ్చారో వాడిదే తప్పన్నాడు.

పక్క సీట్లవాళ్లు తమ ఫోన్లు వదిలేసి ఆమె చుట్టూ మూగారు.

గడియ కదిలింది. ఒకసారి జారింది. మళ్లీ కదిలింది.

"ఏమన్నావయ్యా?" ముద్దముద్దగా, నూతిలోంచి వస్తున్నట్టుగా అత్తగారి గొంతు. "మావాణ్ణా? చేతకాదన్నావా? ఎక్కడుందయ్యా నీ సైకిల్?"

"కిందుంది. రా, చూపిస్తా."

"పద. చూశాక చెబుతా నీ సంగతి."

ఒక్కో మెట్టుకూ ఒక్కో తిట్టు. మెట్లు పద్దెనిమిది. పన్నెండో తిట్టు దగ్గర గొంతు ఆగిపోయింది. ఏదో జారిన చప్పుడు. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. మాస్టారు మూలుగుతూ, తను ఎత్తలేనని, జబ్బ పట్టుకుని లాగుతున్నానని అన్నాడు. లాగండి, లాగండి అంటోంది ఆమె, ఇంకే మాటా రానట్టు. ఆ తర్వాత వీధిలో హారన్లు, ఎవరో పరుగెత్తుకు రావడం, లాండ్రీ వాడి కేకలు. అన్నిటి కింద సన్నగా, అరిగిపోయిన గొంతుతో ఒక ప్రశ్న:

"సైకిలేదీ?"

హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టింది. మెట్లు ఎలా దిగిందో, ఆటో ఎవరు ఆపారో ఆమెకు గుర్తు లేదు.

చేరేసరికి అత్తగారు అంబులెన్సులో ఆక్సిజన్ మాస్కుతో ఉంది. పేవ్‌మెంటు మీద మాస్టారు, ఆయన మొహానికీ మాస్కే. లాండ్రీ వాడు బాయిలర్ ఆర్పేసి తల పట్టుకుని కూర్చున్నాడు. సిబ్బందిలో ఒకతను డాబా మీంచి దిగివచ్చి విషయం చెప్పాడు. వీళ్లు దిగకముందే ఇంటాయన పైన అద్దెకివ్వడానికి కొత్త గది కట్టాడు. గది మధ్యలో గొట్టం అడ్డొచ్చింది. కోసేసి, మీద పలక వేసి, సిమెంటు పూశాడు. పొగ ఎటు పోవాలి? గోడ బీటల్లోంచి రెండు ఇళ్లలోకీ పోయింది.

ఇంటాయన ఆమెను పక్కకు పిలిచాడు. చిన్న రిపేరేనని, రెండు రోజుల్లో గొట్టం బాగుచేయిస్తానని, మీ ఆఫీసే కాబట్టి కాగితాల్లో కాస్త చూసి రాయించమని మెల్లగా అన్నాడు.

"రాయడం అయిపోయింది," అంది ఆమె. "అరగంట కిందటే."

తలుపులకు సీలు వేస్తున్నారు. ఇంటాయన మొహం మాడింది.

"అయితే ఈ రాత్రికి ఎక్కడికి పోతారమ్మా?"

మొగుడు పొలిమేర దాటి ఎక్కడో లారీ మీద ఉన్నాడు. బట్టలు, బియ్యం, మందులు అన్నీ ఆ సీలు వెనకే. తల దిమ్ముగా ఉంది. తనూ అదే గదిలో రెండు నెలలు పడుకుందని అప్పుడు గుర్తొచ్చింది. అంబులెన్సు తలుపు పట్టుకుంది.

అత్తగారు మాస్కు పైకెత్తింది.

"వాడితో మాటలేంటి? ఎక్కు. ఎక్కడికో తర్వాత చూద్దాం."

నర్సు ఆవిడ మాస్కు మళ్లీ కిందికి దించి, రెండోది ఆమె చేతికిచ్చింది. ఆమె ఎక్కింది.