ఎల్లారెడ్డికి తీసుకుపోయిన పూట

ఇక మందులు పనిచేయవని శాంతవ్వను డాక్టరు ఇంటికి పంపేసిన నాటి నుంచి బాలనర్సయ్యకు భార్య మీద కంటే గది మీదే ధ్యాస ఎక్కువైంది.

కామారెడ్డిలో వాళ్లది ఒకటే గది. మంచం, పొయ్యి, శాంతవ్వ బీడీలు చుట్టే చాట అన్నీ అందులోనే. కిరాయి ఇంట్లో ప్రాణం పోతే ఇంటి యజమానులు పీనుగను ఉంచనివ్వరు. రోడ్డు పక్కన టెంటు కింద మనిషిని పడుకోబెట్టుకుని ఏడ్చినవాళ్లను అతడు చూశాడు. ఆమెకు ఆ గతి పట్టకూడదనుకున్నాడు. తనకు గది పోకూడదనీ అనుకున్నాడు. ఏది ముందనుకున్నాడో అడిగితే చెప్పడు.

"ఎల్లారెడ్డికి పోదాం. మీ తమ్మునింటికి," అన్నాడు పొద్దున్నే.

"నేనేడికీ రాను. గిదే నా ఇల్లు."

"నీదెట్లయితది? భూమక్కది."

"ఏడేండ్ల సంది ఊడ్సేది నేను. భూమక్క గాదు." నవ్వబోయి దగ్గింది.

అతడు వినలేదు. దుప్పటిలో చుట్టి ఎత్తుకొచ్చి ఆటోలో కూర్చోబెట్టాడు. కింద ఉండే ఇంటామె భూమక్కకు ఒక మాట చెప్పలేదు. తాడ్వాయి దాటాక శాంతవ్వ, "జర ఆపుమను, ఒక మాట చెప్త," అంది.

"పోయినంక చెప్పు."

ఎల్లారెడ్డిలో బామ్మర్ది భూమేశ్ ఎదురొచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "బావా, అక్క సల్లగైంది," అన్నాడు.

పదకొండో దినం అయ్యాక బాలనర్సయ్య ఒక్కడే వచ్చి గది తాళం తీశాడు. వెనకే భూమక్క మెట్లెక్కి వచ్చింది.

"చెప్పకుంట ఎందుకు తోల్కపోయినవ్ నర్సన్నా?"

"నీ ఇంట్ల మైల ఎందుకని."

"నేను పొమ్మన్ననా?"

"అనేదాంక ఉండాల్నా?"

"మా అత్త గీ అర్రల్నే పాణమిడిసింది. గా కిటికీ కింద. కడిగి, సున్నమేసి నీకిచ్చిన. నీ పెండ్లాం నన్నడిగింది. 'అక్కా, నేను గూడ ఈడనే పోతే ఏమన్నంటవా' అన్నది. నీ ఇల్లే అనుకో పిల్లా అన్న. మస్తు ఏడ్సింది."

"ఎప్పుడు?"

"మీరు పోయిన ముందటి దినం."

బాలనర్సయ్యకు ఒళ్లు మండింది. తిట్టడానికి భూమక్క తప్ప ఎదురుగా ఎవరూ లేరు.

"మరి గా మాట నాకెందుకు చెప్పలే అది?"

భూమక్క అతడి ముఖంలోకి చూసింది. "చెప్పనిచ్చినవా?"

అతడు తలుపు వేయబోయాడు. ఆమె గడపలోనే నిలబడింది. కదల్లేదు.