బుధవారం జీపు

రాజలింగు జీపు కింద వెల్లకిలా పడుకొని, జాకీ మీద లేపిన ముందు చక్రాన్ని చేత్తో తిప్పుతూ చెవి రిక్కించి వింటున్నాడు. చక్రం మెత్తగా తిరిగింది. టక్కుమనలేదు, కిర్రుమనలేదు. ఇంకోసారి తిప్పాడు. ఊహూఁ, ఏమీ లేదు. ఇంకో మెకానిక్కయితే సంబరపడేవాడు. ఇతనికి మాత్రం ఏడుపొక్కటే తక్కువైంది.

"ఇన్నేండ్లు సతాయించినవ్. గీ ఒక్క దినమే ఎందుకే గింత మంచిగున్నవ్?" అని దాన్ని తిట్టాడు.

ఏదైనా చెడితే బాగుండును. చెడితే ఆలస్యమవుతుంది. ఆలస్యమైతే నర్సమ్మకు సాయంత్రం రైలు తప్పిపోతుంది. పోనీ తానే ఏదో ఒక నట్టు వదులు చేసి చెడగొడదామంటే చేతులు రావు. ప్రతి బుధవారం లాగే చీకటితోనే లేచి జాయింట్లన్నిటికీ గ్రీజు పట్టించాడు. ముందు ఆక్సిల్లో నూనె చూశాడు, వెనక ఆక్సిల్లో చూశాడు, రేడియేటర్‌లో నీళ్ళు నింపాడు. అలవాటు అట్లాంటిది మరి.

అది మిలిటరీ వాళ్ళు వాడి వాడి వదిలేసిన జీపు. డెబ్బై నాలుగులో వేలంలో కొన్నాడు. అప్పుడు కొత్తవాడ మొత్తం పగలబడి నవ్వింది. జంపఖానాలు నేసుకునే పద్మశాలోనికి జీపెందుకురా, మగ్గానికి కడతవా అన్నారు. ఎందుకు కొన్నాడో అతనికీ సరిగ్గా తెలియదు. పెళ్ళయిన మూడో ఏడే భార్య లచ్చవ్వ కామెర్లతో పోయింది. పిల్లలు లేరు. ఆ తర్వాత ఆ ఇంట్లో మగ్గం చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. ఇంకొకటేదైనా వినబడితే బాగుండుననిపించిందేమో.

పని నేర్పిన గురువెవరూ లేరు. పెరట్లో రేకుల కింద ఇప్పదీసి, మళ్ళీ బిగించి నేర్చుకున్నాడు. మొదటిసారి బిగించాక గుప్పెడు నట్లు మిగిలితే, కంపెనీవాడు ధర్మానికి ఎక్కువ ఇచ్చి ఉంటాడని సర్ది చెప్పుకున్నాడు. అవి ఎక్కడివో జీపే తర్వాత హసన్‌పర్తి దారిలో ఒక్కొక్కటిగా చెప్పింది.

ప్రహరీ మీదుగా పక్కింటి మొగిలమ్మ తల కనబడింది. డెబ్బై ఏళ్ళ మనిషి, నోటికి గొళ్ళెం లేదు.

"ఏం జేత్తానవ్ రా లింగా? జీపుకేమన్న లగ్గమా, గంతగనం తోముతానవ్?"

"పోరగాండ్ల సూదుల దినం గదనే అవ్వా."

"నర్సమ్మ ఇయ్యాల్నే పోతాందట గద?"

రాజలింగు పాత గుడ్డతో చేతులు తుడుచుకోసాగాడు. ఎంత తుడిచినా గోళ్ళ సందుల్లో నలుపు అట్లాగే ఉంది.

"జీపు మూత తెరుసుడు మస్తుగ వచ్చు నీకు. నోరు తెరుసుడే రాదాయె," అంది మొగిలమ్మ. "ఇయ్యాలన్న చెప్పురా బాడ్కావ్. రైలు పోయినంక నాకాడ కూసోని ఏడ్తె నేనేం జెయ్య?"

ముసలిదానికి తెలుసు. ఎవరు చెప్పారో గాని తెలుసు. చెప్పవలసింది పెద్ద ఉపన్యాసమేమీ కాదు. పోవద్దు, ఇక్కడే ఉండు, నా ఇంట్లో ఉండు. అంతే. వారం రోజులుగా మగ్గం మీద కూర్చున్నా, జీపు కింద పడుకున్నా ఆ మాటనే నోట్లో నానబెట్టుకుంటున్నాడు. ఈ రోజు చెప్పకపోతే ఇక చెప్పే రోజు లేదు.

నర్సమ్మ పేరు వరలక్ష్మి, హన్మకొండ ఆరోగ్య కేంద్రంలో నర్సు. జనగామ వైపు మనిషి. మొగుడు బొంబాయి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టాడట. ధర్మసాగర్ అవతలి పల్లెలకు వానాకాలం బస్సు పోదు, ఎడ్లబండి దిగబడుతుంది. అందుకని కేంద్రం వాళ్ళు బుధవారం బుధవారం రాజలింగు జీపు మాట్లాడుకున్నారు. అట్లా మొదలైంది. పదేళ్ళు దాటిపోయింది. ఇప్పుడామెకు ఆసిఫాబాద్ బదిలీ అయింది. నిన్ననే ఇక్కడి పని అప్పగించింది. అయినా తాను మొదటి సూది వేసిన పిల్లలకు రెండోది కూడా తానే వేసి పోతానని పట్టుబట్టింది.

ఊరందరికీ అతడు లింగన్న. చంటిపిల్లల తల్లులకు అన్నే, వాళ్ళ అత్తలకూ అన్నే. వరలక్ష్మి మాత్రం ఏనాడూ అతన్ని అన్నా అని పిలవలేదు. 'ఇగో' అంటుంది. లేదంటే 'ఏమయ్యా' అంటుంది. వరుస కలపని ఆ పిలుపును ఆధారంగా పట్టుకొని ఒక మనిషి ఇన్నేళ్ళు బతికాడంటే నవ్వొస్తుంది. కానీ బతికాడు.

హన్మకొండలో ఆమె ట్రంకుపెట్టె, పరుపుచుట్ట ఎత్తి వెనక పెట్టాడు. పెట్టె పెద్ద బరువు లేదు. ఇన్నేళ్ళ కాపురం ఇంతేనా అనిపించి మనసు చివుక్కుమంది. ఆమె మందుల ఐసుడబ్బా ఒళ్ళో పెట్టుకొని ఎప్పటిలాగే అతని పక్కన కూర్చుంది. జీపు కాజీపేట దాటింది.

ధర్మసాగర్ దాటి కొంతదూరం పోయాక తారు అయిపోయి, ఒక వాగు అడ్డం వస్తుంది. శ్రావణం వానలకు నీళ్ళు ఎర్రగా పారుతున్నాయి. రాజలింగు ఒడ్డున ఆపి, పెద్ద గేరు పక్కనున్న చిన్న గేరును ముందుకు నెట్టాడు. దాంతో ముందు చక్రాలకు కూడా బలం వస్తుంది. నాలుగూ కలిసి బురదను తవ్వుకుంటూ పోతాయి. వాగు దాటించడానికి అంతకు మించిన విద్య లేదు. అయితే గట్టి రోడ్డు ఎక్కగానే దాన్ని తీసేయాలి. తీయకపోతే మలుపుల్లో ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకదాన్నొకటి గుంజుకొని లోపలి పళ్ళు బిగుసుకుపోతాయి. ఇక ఆ గేరు ఎంత లాగినా రాదు. కంట్రాక్టర్ల డ్రైవర్లు ఈ తప్పే చేసి అతని పెరట్లోకి బండ్లు తెచ్చేవాళ్ళు. "బురదల వేసిన గేరు తారు మీద తియ్యాలెనని సోయి లేదా?" అని వాళ్ళను చెడామడా తిట్టేవాడు.

పల్లెలో బడి వరండాలో సూదులు వేయడం మొదలైంది. ఒకడు ఏడిస్తే చూసి పదిమంది ఏడ్చారు. రాజలింగు పిల్లల కాళ్ళు పట్టుకున్నాడు, దూది అందించాడు. ఇదీ ఇన్నేళ్ళుగా చేస్తున్న పనే, ఎవరూ చెప్పకుండానే.

అంతా అయ్యాక, మనవణ్ణి చంకనేసుకున్న ఒక ముసలమ్మ వచ్చి వరలక్ష్మి రెండు చేతులూ పట్టుకుంది.

"పోకు బిడ్డా. ఈన్నే ఉండు," అంది.

రాజలింగు వారం నుంచీ నానబెట్టిన మాటను ఈ ముసలిది వచ్చీ రాగానే ఎంత సులువుగా అనేసింది!

"సర్కారు నౌకరి అవ్వా," అంది వరలక్ష్మి నవ్వుతూ. "ఫికర్ జెయ్యకు. ఇంకో నర్సమ్మ వత్తది. సర్కారు జీపు కూడ వత్తదట, కొత్తది."

"ఎవరొత్తె ఏంది? నువ్వు ఉండరాదు?"

"ఉండుమనెటోల్లు ఉండాలె గద అవ్వా," అంది. అని ఐసుడబ్బా మూత పెట్టింది. రాజలింగు వైపు చూడలేదు. చూడలేదు గాని, ఆ మాట కాస్త గట్టిగానే అంది. అతడు అటు తిరిగి, ఏ అవసరమూ లేకపోయినా టైరులో ఇరుక్కున్న రాయిని పీకాడు.

తిరుగు ప్రయాణంలో వాగు వచ్చింది. ఒడ్డున ఆపి, చిన్న గేరు వేసి దాటించాడు. దాటగానే చెప్పాలని ఉదయమే నిర్ణయించుకున్నాడు. ముందు ఏమనాలి? నర్సమ్మా అని మొదలుపెట్టాలా, పేరు పెట్టి పిలవాలా? ఇన్నేళ్ళలో పేరు పెట్టి పిలిచిందే లేదు. ముందు నా వయసు చెప్పాలా? ఆమెకు తెలియని వయసా? నా ఇంట్లో ఉండు అంటే, ఏమనుకొని అంటున్నావని అడిగితే? అడిగితే లగ్గం చేసుకుంటా అనాలి. యాభై ఏళ్ళ వాడు ఆ మాట అంటే నవ్వదూ? నవ్వితే నవ్వనీ. నవ్వినా ఫర్వాలేదనుకున్నాడు. "వరలక్ష్మమ్మా" అని పెదవులతో, చప్పుడు రాకుండా అని చూసుకున్నాడు.

జీపు తారు మీదికెక్కింది. ఒక మలుపు తిరిగింది. రెండో మలుపులో స్టీరింగు బండరాయిలా బిగుసుకుంది. టైర్లు కీచుమన్నాయి. ఎవరో వెనక నుంచి పట్టుకు లాగినట్టు జీపు గునిసింది.

రాజలింగు చెయ్యి చిన్న గేరు మీద పడింది. లాగాడు. రాలేదు. రెండు చేతులా లాగాడు. ఊహూఁ.

"చిన్న గేరు తియ్యలే నువ్వు," అంది వరలక్ష్మి.

అతని ముఖం నల్లబడింది. ఎంతమంది డ్రైవర్లను తిట్టాడు! మొన్న మొన్న స్టీరింగు పట్టిన పోరగాడు కూడా చేయడే ఈ పని!

"ఎన్కకు తియ్యాలె గద? ఆగు, నేను దిగి లారీలొత్తానయా చూత్త."

ఆ సంగతీ ఆమెకు తెలుసు. బిగిసిన గేరును విడిపించాలంటే జీపును వెనక్కి తీస్తూ అటూ ఇటూ తిప్పాలి. ఎప్పుడు నేర్చుకుందో, ఎవరూ నేర్పలేదు. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకొని రోడ్డు మధ్యలో నిలబడి, "రా... రా... ఇటు కొట్టు... ఇంక రా..." అంటూ చెయ్యి ఊపింది. జీపు వెనక్కి నడిచింది. కొంతదూరం పోయాక లోపలెక్కడో ధన్మని చప్పుడై, గేరు వెన్నలో వేలు పెట్టినంత సులువుగా ఊడి వచ్చింది.

ఆమె ఎక్కి కూర్చుంది. నవ్వుతోంది. చాలా రోజులకు అట్లా నవ్వింది. నవ్వు ఆగాక మెల్లగా అడిగింది.

"ఎన్నడు మరవనోనివి. ఏం సోంచాయించినవ్ గంతగనం?"

ఇదే ఆ క్షణం. అతనికీ తెలుసు. జీపు ఆగి ఉంది. ముందూ వెనకా ఎవరూ లేరు. ఆమె ముఖం అతని వైపే తిరిగి ఉంది. నోరు తెరిచాడు.

"ముందు ఆక్సిల్ల నూనె మార్చాలె," అన్నాడు. "గదే సోంచాయిత్తాన."

"గదేనా?"

"గదే."

ఆమె రోడ్డు వైపు తిరిగింది.

"సరే. పోనియ్," అంది.

జీపు ఏ లోపమూ లేకుండా కాజీపేట దాకా పరుగెత్తింది. అంత బాగా అది ఎన్నడూ పోలేదు. స్టేషన్లో పెట్టె, పరుపుచుట్ట ఎక్కించాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుంది.

"ఐసుడబ్బ రేపు సెంటర్ల ఇచ్చెయ్."

"ఇత్త."

"యాల్లకు తిను. మగ్గం మీద కూసుంటే నీకు సోయుండదు."

"మంచిది. మీరు పైలం."

రైలు కదిలింది. ఆమె చెయ్యి ఊపలేదు, కిటికీ కమ్మీ మీద పెట్టి ఉంచింది. రాజలింగు ఐసుడబ్బా పట్టుకొని ప్లాట్‌ఫారం మీద నిలబడి, చివరి బోగీ పోయేదాకా చూశాడు. కూలీలు, చాయ్ అమ్మేవాళ్ళు అతన్ని తప్పించుకొని పోతున్నారు. ఏడుపు వస్తే బాగుండుననుకున్నాడు. రాలేదు.

దారిలో వాన కొట్టింది. ఇన్నేళ్ళూ ఎడమ పక్క పరదా ఎగరకుండా ఆమె చేత్తో పట్టుకునేది. ఈరోజు ఎవరూ పట్టుకోలేదు. జల్లు లోపలికి కొట్టి ఆమె సీటు ముద్దముద్దయింది. కొత్తవాడ చేరేసరికి వాన వెలిసి, పెరట్లో ఇంకా కాస్త వెలుతురుంది.

"చెప్పినవా?" అంది మొగిలమ్మ గోడ మీదుగా.

"లే."

ఆమె తిట్టలేదు. ఒక్క తిట్టయినా తిడితే బాగుండునని అతడు ఎదురు చూశాడు. "బువ్వ పెట్టుకొత్త, తిందువు," అని లోపలికి పోయింది.

సీటు ఆరబెట్టాలి. లేకపోతే కుళ్ళిపోతుంది. తన సీటు కిందే పెట్రోలు ట్యాంకు కాబట్టి దాన్ని వేలసార్లు ఎత్తాడు. ఎడమ సీటుతో ఎన్నడూ పని పడలేదు. ఒకప్పుడు ఆమె కోసమని ఎరుపు నీలం చారల జంపఖానా తానే నేసి, తొడుగు కుట్టి తొడిగాడు. అంతే, మళ్ళీ విప్పలేదు. ఇప్పుడు మూలల్లో తాళ్ళు విప్పి ఆ తడి తొడుగు లాగాడు. చెయ్యి లోపలికి పెట్టగానే చురుక్కుమని గుచ్చుకుంది. రక్తం వచ్చింది.

స్ప్రింగు. తెగి, సరిగ్గా నడుమ పైకి పొడుచుకొచ్చి ఉంది. మొనకు పట్టిన తుప్పు చూస్తే తెగి ఎన్నో ఏళ్ళయిందని తెలుస్తోంది. ఆక్సిల్లో ఇంత చప్పుడైతే నిద్రపట్టని మనిషి, పక్క సీటులో ఒక్కసారి కూర్చొని చూడలేదు. ఆమె ఒక్కనాడూ చెప్పలేదు.

స్ప్రింగు మీద కప్పిన చిన్న బొంత తొడుగుతో పాటు పక్కకు జరిగి ఉంది. పాత చీరల ముక్కలు పొరలు పొరలుగా వేసి కుట్టింది. వాన తడికి బరువెక్కింది. రాజలింగు దాన్ని వెలుతురులోకి తెచ్చాడు. అడుగున ఉన్న గళ్ళ చీర తెలుసు, మొదటి ఏడాది కట్టేది. దానిపైన ఆకుపచ్చది, మేడారం జాతర్లో సూదులు వేసిన ఏడు కట్టింది. ఆ పైన వెలిసిన యూనిఫాం చీర తెలుపు. స్ప్రింగు ఒక పొరను చించినప్పుడల్లా ఇంకో పొర వేసింది. ఎప్పుడు కుట్టింది? దారిలో జీపు ఆగిపోయి తాను కింద పడుకొని గంటలు గంటలు బిగిస్తుంటే, పైన ఆమె ఊరికే కూర్చుందనుకునేవాడు. పాపం విసుగేస్తుందేమోనని తొందర తొందరగా బిగించేవాడు.

బొంతను రెండు చేతులా పిండి, దండెం మీద వేశాడు. అన్నిటికన్నా పైది వంకాయరంగు పొర, కొత్తది. మూడు వైపులా కుట్టి ఉంది. నాలుగో వైపు కుట్టు నడుమ ఆగిపోయింది. అక్కడే గుచ్చిన సూది నుంచి ఇంకా మూరెడు తెల్లదారం వేలాడుతోంది.