తొమ్మిదో ప్రతివాది

చచ్చిపోయిన మనిషి పేరున కోర్టు కాగితం వచ్చింది.

పోస్టుమాన్ దేముడు గుమ్మంలో నిలబడి కవరు మీద పేరు రెండుసార్లు చదివి తల గోక్కున్నాడు. "మావా, సంతకం పెట్టాల్సింది సిన్నమ్మలత్త. ఏటి సెయ్యమంటావు?"

"ఇలా తే. బతికున్నప్పుడూ దాని సంతకాలు నేనే పెట్టేను," అన్నాడు మత్స్యరాజు.

అతనిది ఐదో క్లాసు చదువు. అక్షరాలు కూడబలుక్కుంటూ కాగితం చివరిదాకా చదివాడు. పైడిబాబు అనకాపల్లి కోర్టులో ఐపీ పెట్టాడు. అప్పులు తీర్చలేనని, దివాలా తీసినట్టు ప్రకటించమని దరఖాస్తు. అప్పులిచ్చినవాళ్లు పద్నాలుగు మంది. తొమ్మిదో ప్రతివాది చిన్నమ్మలు, మత్స్యరాజు భార్య. చేబదులు పద్దెనిమిది వేలు.

పైడిబాబు ఆమెకు సొంత తమ్ముడు. రెండేళ్ల కిందట చిన్నమ్మలు కామెర్లతో మంచం పట్టింది. విశాఖ తీసుకెళ్లడానికి పది వేలు కావాలని మత్స్యరాజు ఊరంతా తిరిగాడు. డబ్బు పోగయ్యేసరికి నాలుగు రోజులు పట్టింది. అప్పటికి ఆలస్యమైంది. ఆ నాలుగు రోజులూ పైడిబాబు కంటపడలేదు. అప్పట్నుంచీ మత్స్యరాజు వాడితో మాట్లాడలేదు.

ఇప్పుడు తెలిసింది. గంప నెత్తిన పెట్టుకుని నక్కపల్లి వీధుల్లో చేపలమ్మి కూడబెట్టిన డబ్బంతా ఆమె తమ్ముడి బోటుకి ఇచ్చేసింది. మొగుడికి చెప్పలేదు. ఆస్పత్రి డబ్బు కోసం మొగుడు ఇల్లిల్లూ తిరుగుతుంటే కూడా చెప్పలేదు.

వాయిదా రోజున మత్స్యరాజు ఉతికిన చొక్కా తొడుక్కుని బస్సెక్కాడు. అతని దగ్గర ఒక మాట ఉంది. కాగితంతో పాటు వచ్చిన పైడిబాబు ఆస్తుల జాబితాలో ఇల్లుంది, బోటుంది, వలలున్నాయి. ఇంజను లేదు. గాలివానలో పోయిందని రాశాడు. అది పోలేదు. పాయకరావుపేటలో వాడి తోడల్లుడి సావిట్లో గోనెలు కప్పుకుని ఉంది. మత్స్యరాజు కళ్లారా చూశాడు. జడ్జిగారి ముందు ఆ ఒక్క మాట అంటే చాలు, ఐపీ కొట్టేస్తారు. ఫైనాన్సువాళ్లు ఆ సాయంత్రానికే వాడి గుమ్మంలో ఉంటారు.

కోర్టు వరండాలో పైడిబాబు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. సగం మనిషయ్యాడు.

"వచ్చేవా బావా?"

"నిన్ను సూడ్డానికి రాలేదు. కాగితం లేని బాకీ. ఇచ్చిన మనిషి లేదు. నాకా తెలీదు. ఎందుకు రాసేవురా?"

"ప్లీడరుగారు కూడా తీసేద్దారన్నారు. అప్పిచ్చినోళ్లందరి పేర్లూ సెప్పమన్నారు, సెప్పేను. అక్క ఇచ్చింది గదా."

"సచ్చిపోయిందని సెప్పలేదా?"

"ఆళ్లు అడగలేదు. నాకు నోరు రాలేదు."

"ఇంజను పోయిందని సెప్పడానికి మాత్రం నోరొచ్చిందేటి?"

పైడిబాబు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అదొక్కటుంటే ఎప్పటికైనా నీళ్లలో దిగొచ్చని, బావా."

"దిగుతావు. ఐపీయే ఎందుకు? ఇంకో దారి సూసుకోలేకపోయేవా?"

"అన్నీ సూసేను. బోటమ్మితే సగం తీరతాది. మిగతా సగానికి మళ్లీ గుమ్మంలో కూకుంటారు. లోక్ అదాలత్‌లో వాయిదాల మీద కట్టుకోమన్నారు. నెలకి ఆరు వేలు నేనెక్కణ్ణుంచి తేను? ఫైనాన్సోళ్లు నా పెళ్లాం లక్ష్మీకుమారిని నడిరోడ్డు మీద ఆపేరు బావా. ఏటన్నారో నీకు సెప్పలేను. అది మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఐపీ పెడితే ఆళ్ల నోళ్లు మూతబడతాయన్నారు."

"మూతబడతాయి. ఆ తర్వాత? డీజిలెవడిత్తాడు? ఐసెవడిత్తాడు? అప్పు మీద సేపల ఏటకెళ్లే బతుకులు మనవి. ఐపీ పెట్టినోడికి ఒడ్డున బీడీ కూడా అప్పు పుట్టదు."

"మరేటి సెయ్యను?"

ఈలోగా బంట్రోతు గుమ్మంలోకి వచ్చి ప్రతివాదుల పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క పేరూ మూడుసార్లు.

"చిన్నమ్మలూ!"

రెండేళ్లుగా ఆ పేరు ఎవరూ గట్టిగా పిలవలేదు. ఇంట్లో అతను కూడా పలకలేదు. ఒకప్పుడు పడవ ఒడ్డెక్కగానే అతనే అలా అరిచేవాడు, గంప పట్టుకు రమ్మని.

"చిన్నమ్మలూ!"

మూడో పిలుపు రాకముందే మత్స్యరాజు లోపలికి వెళ్లాడు. "సచ్చిపోయింది బాబూ. నేను పెనిమిటిని."

జడ్జిగారు కాగితాల్లోంచి తలెత్తారు. "ఐపీ మీద మీకేమైనా అభ్యంతరం ఉందా?"

"ఉందండి."

వెనకే వచ్చిన పైడిబాబు చెక్క కటకటాలు గట్టిగా పట్టుకున్నాడు. మత్స్యరాజు నోట్లో ఇంజను మాట ఉంది. ఆ నాలుగు రోజులు కూడా ఉన్నాయి.

"చెప్పండి."

"ఈడు తీర్చగలడండి. రెక్కలున్నాయి. గడువిత్తే అందరి కాళ్లూ పట్టుకుని రాజీ సేసుకుంటాడు. సేసుకోకపోతే నేను మళ్లీ వత్తాను. అప్పుడు ఇంకో మాట సెప్తాను."

జడ్జిగారు ప్లీడరు వైపు చూశారు. ప్లీడరు పైడిబాబు వైపు చూశాడు. పైడిబాబు తలూపాడు. రాజీ ప్రయత్నానికి నెల గడువు దొరికింది.

బయటికొచ్చాక మత్స్యరాజు ఆగకుండా నడుస్తూనే చెప్పాడు. "బోటమ్మి ముందు ఫైనాన్సోళ్ల మొహాన కొట్టు. ఇంజను తీసుకొచ్చి నా పడవకి కట్టు. ఇంజనుందని అందరికీ నువ్వే సెప్పు. నాతో ఏటకి రా. నీ వాటాలో సగం అప్పులోళ్లకి రోజూ ఒడ్డునే ఇచ్చెయ్యి, ఊరంతా సూత్తుండగా."

"నన్ను సమించేవా బావా?"

"లేదు."

"ఆ నాలుగు రోజులూ బోటు అమ్మకానికి తుని, కాకినాడ తిరిగేను బావా. ఒక్కడూ కొనలేదు. ఉత్త సేతుల్తో అక్క ముందుకి ఎలా రాను?"

"ఉత్త సేతుల్తోనే రావాల్సింది. అది డబ్బు కోసం సూడలేదు. గుమ్మం వైపు సూసింది."

ఇద్దరూ బస్సెక్కారు. మత్స్యరాజు కిటికీ పక్కన కూర్చున్నాడు. పైడిబాబు వెనక సీట్లో కూర్చున్నాడు. కండక్టరు వస్తే మత్స్యరాజు రెండు నక్కపల్లి టిక్కెట్లు తీసుకుని, ఒకటి వెనక్కి చాచాడు.

"ఇరవై రెండు రూపాయలు. రాసుకో."

పైడిబాబు ప్లీడరిచ్చిన అప్పులవాళ్ల జాబితా తీసి మోకాలి మీద పరిచాడు. పెన్ను కండక్టరు దగ్గర అడిగి పుచ్చుకున్నాడు.

"ఎవరి పేరున రాయమంటావు?"

ఎలమంచిలి దాటాక మత్స్యరాజు వెనక్కి తిరిగాడు.

"మీ అక్క పేరునే రాయి."