చందు గుండె, ధనలక్ష్మి గుండె

గురునాథరావు పేరెత్తితే దాలయ్యకు ఒళ్లు మంట. ఇద్దరిదీ ఒకే ఊరు, వరసకు బావలు. దాలయ్య ఏడో తరగతిలో బడి మానేసి, పూర్ణా మార్కెట్లో బోర్డులు రాసుకుంటుంటే, గురునాథరావు మధురవాడ బి.ఎడ్. కాలేజీలో లెక్చరరయ్యాడు. రెండువేల రెండులో వచ్చి ఊరించింది ఆయనే.

"మా ట్రైనీలకి చార్టులు కావాల బావా. బొమ్మ గియ్యడం ఒక్కడికీ రాదు. గేటు ముందర కొట్టెట్టు. ఏటేటా కొత్త బ్యాచీ, నీకు తిరుగుండదు."

కొమ్మాదిలో జాగా అమ్మి దాలయ్య కొట్టు పెట్టాడు. రేపు పిల్లలకు నీతులు చెప్పబోయే పంతుళ్లంతా అతని చేత గుండె, పువ్వు, అగ్నిపర్వతం గీయించుకుని, అడుగున తమ పేరు చీటీ అంటించి, "స్వహస్తాలతో చేశాం" అని పరీక్షకు పట్టుకెళ్లేవారు.

రెండో ఏడు గురునాథరావుకు జ్ఞానోదయమైంది. పరీక్ష కాగానే చార్టులు అటకెక్కడం దేనికి, పాఠాల రికార్డులతో సహా ఒక గదిలో పెడితే అందరూ వాడుకుంటారని, "ఉమ్మడి లైబ్రరీ" తెరిచాడు. పంచుకోవడమే విద్య అని ఉపన్యాసం దంచాడు.

నిజంగానే పంచుకున్నారు. ఆ ఏడు పరీక్షలో ఒకే గుండె బొమ్మ పొద్దున చందు అనే ట్రైనీది, మధ్యాహ్నం ధనలక్ష్మి అనే ట్రైనీది. పాత చీటీ మీద కొత్త చీటీ. చూడవచ్చిన పెద్దమనిషి ఇద్దరి చేతిపనినీ మెచ్చుకుని మార్కులేశాడు. ఇక బొమ్మ గీయించుకునే ఖర్మ ఎవడికి? దాలయ్య కొట్లో ఈగలు తోలుకున్నాడు.

ఓర్చుకోలేక లోపలికే వెళ్లాడు.

"ఏటి బావా, నన్ను గేటు ముందర కూకోబెట్టి, లోపల నా బొమ్మలే పంచతన్నావా?"

"నీవేటి? పిల్లలవి. పేర్లున్నాయి, సూడు."

దాలయ్య గుండె బొమ్మ దించి చీటీ గోకాడు. ధనలక్ష్మి ఊడింది, కింద చందు. చందూ ఊడాడు, కింద ఉత్త కాగితం. గీసిన బొమ్మ కింద తన పేరు రాసుకునే తెలివే ఉంటే ఈ గుమ్మం ఎందుకు తొక్కుతాడు?

"కోపమెందుకు గానీ, లైబ్రరీకి బోర్డొకటి రాసెట్టు" అన్నాడు గురునాథరావు. "డబ్బులడక్కు. అందరం పంచుకుంతన్నాం గదా!"

"నానెందుకు? నీ ట్రైనీలున్నారు గదా, తలో అచ్చరం పంచుకుని రాసుకోమను."

ఆ వేసవికే కొట్టు మూతపడింది. బోర్డు లేకపోయినా లైబ్రరీ నడుస్తూనే ఉంది. పంచుకోవడంలో దాలయ్య వంతు కింద పోయింది, కొమ్మాదిలో తారు రోడ్డు పక్కన నాలుగు సెంట్లు.