జానెడు ఎత్తు

నాకు ముక్కు మీదే కోపం అని మా ఆవిడ అంటుంది. శుద్ధ అబద్ధం. పని తెలియనివాళ్ళు నా పనిలో వేలు పెట్టినప్పుడే నాకు కోపం వస్తుంది. అలాంటివాళ్ళు రోజుకు పదిమంది తగిలితే అది నా తప్పా?

నా పని పెట్టెల మీద గుర్తులు వేయడం. ఓడలో విదేశాలకు వెళ్ళే పెద్ద పెద్ద యంత్రాలను మా ప్యాకింగ్ షెడ్డులో చెక్కపెట్టెల్లో బిగిస్తారు. ఒక్కో పెట్టె చిన్న ఇల్లంత ఉంటుంది. ఏ వైపు పైకి ఉండాలో, ఎత్తడానికి తాళ్ళ కట్లు ఎక్కడ వేయాలో, అన్నీ నా బ్రష్షే చెబుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది నడిగుర్తు. ఒక వృత్తం, దాని మధ్యలో అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత. పెట్టె బరువు సరిగ్గా ఎక్కడ తూగుతుందో అది చూపిస్తుంది. క్రేను కొక్కెం దానికి నేరుగా పైన ఉండాలి. మూరెడు తేడా వచ్చిందంటే పెట్టె గాలిలో ఒరుగుతుంది, కట్లు జారతాయి. ఆపైన కింద ఎవరుంటే వాళ్ళ పని అయిపోయినట్టే.

కింద ఉండేది మా బావమరిది. రేవులో పెట్టెలకు కట్లు వేసి, పెట్టె ఊగకుండా మూలకు కట్టిన తాడు పట్టుకుని, క్రేను ఆపరేటరుకు చేత్తో సైగలు చేసేది వాడే. అక్కడ వాడి పేరు ఎవరికీ గుర్తులేదు, అందరూ ‘జానెడు’ అనే పిలుస్తారు. ఏ పెట్టెనైనా ముందు జానెడు ఎత్తు లేపిస్తాడు. ఆపిస్తాడు. చుట్టూ తిరిగి, వంగి, పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా తేరిపార చూస్తాడు. ఆ తర్వాతే పైకి. ఎవరి పెట్టెకైనా చేసుకోనీ, నాకేం? కానీ నా పెట్టెలకూ అదే చేస్తున్నాడని పోయిన నెల ఒక లారీ డ్రైవరు నవ్వుతూ నాకు చెప్పాడు. తల కొట్టేసినట్టయింది.

ఆ ఆదివారం వాడు భోజనానికి వస్తే కంచం ముందే కడిగేశాను.

“పద్దెనిమిదేళ్ళ నుంచి వేస్తున్నాను. ఒక్క పెట్టె ఒరిగిందా? సొంత బావ గుర్తు మీద నీకే నమ్మకం లేకపోతే, బయటివాళ్ళకి ఏం ఉంటుందిరా?”

“నమ్మకం లేక కాదు బావా, అలవాటు.”

“ఆ అలవాటు మానుకో. లేదంటే నా గడప తొక్కకు.”

మా ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కళ్ళలో నీళ్ళు. వాడు అక్క ముఖం చూశాడు. “సరే బావా. ఇకమీదట నీ పెట్టెలు నేరుగా లేపిస్తాను. మాటిస్తున్నా,” అన్నాడు. నేను గెలిచాను. కూర మారు వడ్డించుకుని మరీ తిన్నాను.

ఆ తర్వాత రేవుకు వెళ్ళిన నా మొదటి పెట్టె ఇనుప రేకులు నొక్కే ఒక ప్రెస్సు యంత్రానిది. సోమవారం తెల్లవారగానే ట్రైలరు ఎక్కి వెళ్ళిపోయింది. పది గంటలకు నేను డబ్బాలో రంగు కలుపుకుంటూ షెడ్డు మూలకు చూశాను. అక్కడ ఉండాల్సిన పెద్ద ఇనుప చక్రం లేదు. ప్రెస్సులో తిరిగే చక్రం, అయిదు టన్నులు. అది వేరే పెట్టెలో వెళ్ళాలి.

“చక్రం ఏదయ్యా?” అని వడ్రంగి మేస్త్రిని అడిగాను.

ఆయన కింద పడ్డ మేకులు ఏరుకుంటూ, “ప్రెస్సు పెట్టెలోకే ఎక్కించాం కదండీ. ఓడలో రెండో పెట్టెకి చోటు లేదన్నారు. శనివారం ఎడమ చివర బిగించి మూత వేసేశాం,” అన్నాడు.

“నేను గుర్తు వేసింది శుక్రవారం!”

రంగు బాగా ఆరాలని మూత వేయడానికి ఒక రోజు ముందే గుర్తు వేయడం నా పద్ధతి. షెడ్డులో ఆ పద్ధతి పెట్టిందే నేను.

“అదే చెబుదామని శనివారం మీ దగ్గరికి వచ్చాను,” అన్నాడు మేస్త్రి. “గుర్తు సంగతి అన్నానో లేదో, ‘నా గుర్తు సంగతి నీకెందుకు, నీ మేకులు నువ్వు కొట్టుకో’ అన్నారు. కొట్టుకున్నాను.”

వేళ్ళ మీద లెక్క వేశాను. బరువు ఎడమవైపుకి మూరెడు జరిగింది. మళ్ళీ వేశాను. మూరెడే. రేవుకు ఫోన్ చేస్తే, ఓడ ఆగి ఉన్న మూడో బెర్తులో పదకొండింటికి ఎత్తుతారని చెప్పి పెట్టేశారు. బావమరిది ఫోన్ మోగుతోంది, మోగుతూనే ఉంది. అక్కడ పనిలోకి దిగేవాళ్ళు ఫోన్లు గేటు దగ్గర పెట్టి వెళ్ళాలని నాకు తెలుసు. తెలిసీ ఆరుసార్లు చేశాను.

స్కూటరు తీశాను. ప్రతి సిగ్నలూ నన్ను చూసే ఎర్రబడుతున్నట్టుంది. ముందు ఒక బస్సు నిండు గర్భిణిలా కదులుతోంది. హారన్ కొట్టీ కొట్టీ బొటనవేలు నొప్పి పుట్టింది. ఇంతలో జేబులో ఫోన్. వాడేనేమోనని బండి పక్కకు లాగి ఎత్తాను. మా ఆవిడ.

“ఇవాళే కదండీ మీ పెట్టె ఎక్కించేది? మీరు మనసులో ఏం పెట్టుకోకండి. పొద్దున కూడా వాడికి గట్టిగా చెప్పాను, బావకిచ్చిన మాట తప్పొద్దని. ఏమండీ, వింటున్నారా?”

“ఊఁ,” అన్నాను. వాణ్ణి ఆ పెట్టె కింద నిలబెట్టింది నేను. వాళ్ళ అక్క చేత కూడా అదే మాట చెప్పించాను.

గేటు చేరేసరికి పదకొండుకి ఎనిమిది నిమిషాలు తక్కువ. కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు. “పాస్?”

“అన్నా, లోపల ప్రెస్సు పెట్టె ఎత్తబోతున్నారు. ఆపాలి. ఒక్క నిమిషం వదులు.”

“పాస్ లేకుండా మా నాన్నని కూడా వదలను. కావాలంటే మైకులో చెబుతాను. ఏమని చెప్పమంటారు?”

“కాసేపు ఆగమని చెప్పు.”

“ఎందుకని అడుగుతారు. ఓడ మధ్యాహ్నం కదలాలి. ఊరికే ఆగమంటే ఎవరాగుతారు?”

కాగితాల్లో ఏదో తేడా ఉందని చెప్పమందామనుకున్నాను. నాలుక చివరిదాకా వచ్చింది. అంత జరుగుతున్నా నా పరువు మీదే నాకు ధ్యాస! నా మీద నాకే అసహ్యం వేసింది. మైకు వాడి చేతిలోంచి లాక్కున్నాను.

“మూడో బెర్తు! ప్రెస్సు పెట్టె ఎత్తకండి! దాని మీద నడిగుర్తు తప్పు. వేసింది నేనే, తప్పు నాదే. ఒరేయ్ జానెడూ, నీకు దణ్ణం పెడతానురా, నేరుగా ఎత్తించకు!”

రేవంతా నా గొంతే. గోదాముల మీద నుంచి, క్రేనుల మీద నుంచి, తప్పు నాదే, తప్పు నాదే అని తిరిగి వినిపించింది. కాపలావాడు నా ముఖం చూసి, తన హెల్మెట్ తీసి నా నెత్తిన పెట్టి, అడ్డకర్ర ఎత్తాడు.

పరిగెత్తాను. ఈ వయసులో ఈ బొజ్జతో అంత పరుగు నాకుందని నాకే తెలియదు. మూడో బెర్తులో పెట్టె నేల మీదే ఉంది. కట్లు వదులుగా వేలాడుతున్నాయి. మా వాడు దాని పక్కనే చెక్కదుంగ మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు.

“మైకుదాకా ఎందుకు బావా?” అన్నాడు. “పావుగంట కిందటే లేపి చూశాం. కుడివైపు లేచింది, ఎడమవైపు నేలకే అతుక్కుంది. దించేశాం. నీకు కబురు చేద్దామంటే ఫోన్ గేటు దగ్గరుంది.”

“జానెడు లేపావా?”

“జానెడే.”

నాకేమైందో, నోట్లోంచి ఈ మాట వచ్చింది: “మరి మాటిచ్చావు కదరా!”

వాడు సీసా మూత బిగించాడు. “మాట నీకిచ్చాను బావా. పెట్టెకివ్వలేదుగా.”

చెంప పగలగొట్టాలనిపించింది. గట్టిగా కావలించుకోవాలనిపించింది. రెండూ చేతకాక వాడి పక్కనే కూలబడ్డాను. ఏడుపొచ్చింది. క్రేను ఆపరేటరు పైనుంచి చూస్తున్నాడు. చూడనీ, మైకులో విన్నాక ఇంకా దాచేదేముంది?

హడావుడిలో బ్రష్షు తేలేదు. వాళ్ళ దగ్గర సుద్దముక్క తీసుకుని నా పాత గుర్తు కొట్టేసి, మూరెడు ఎడమగా కొత్తది గీశాను. కట్లు జరిపారు. “జానెడు,” అన్నాను నేనే, వాడికన్నా ముందు. పెట్టె లేచింది. చుట్టూ తిరిగి, మోకాళ్ళ మీద వంగి చూశాను. నాలుగు మూలలూ ఒక్క ఎత్తులో ఉన్నాయి.

“దించి ఇంకోసారి లేపించరా.”

“ఓడ వెళ్ళిపోతుంది బావా!”

“ఇంకొక్కసారి.”

వాడు నవ్వుతూ చెయ్యి కిందికి ఊపాడు. పెట్టె దిగింది. మళ్ళీ లేచింది.

గేటు బయటకు వచ్చేసరికి మా ఆవిడ ఫోను. “ఎక్కించేశారా? వాడు మాట నిలబెట్టుకున్నాడా?”

“లేదు.”

“అయ్యో! అంత చెప్పినా వినలేదా? ఏమండీ, కోప్పడకండి, వాణ్ణి నేను...”

“నిలబెట్టుకుని ఉంటే నీకు తమ్ముడు ఉండేవాడు కాదే,” అన్నాను. “అన్నీ ఇంటికొచ్చి చెబుతాను. ఆదివారం భోజనానికి వాణ్ణి నువ్వు పిలవొద్దు. నేనే వెళ్ళి తీసుకొస్తాను.”